వెనక్కి తిరిగి కూర్చున్నావిడ

ఉత్తరాన మంచుసముద్రం ఒడ్డున ఉన్న ఆ ఇంట్లో ముప్పై నాలుగేళ్ళ పాటు వసంతం ఒకే తీరుగా మొదలయ్యేది. పొద్దున్నే ఊలిపీకా పొయ్యి మీద కెటిల్ పెట్టేది. ఆమె మొగుడు ఇనూసిక్ కోటు గుండీలైనా పెట్టుకోకుండా బయటి మెట్ల మీదికి వెళ్ళి నిలబడేవాడు. గడ్డకట్టిన సముద్రం వైపు, దాని అవతలి కొండల వైపు, ఇళ్ళ మీద పొగ ఎటు వాలుతోందో అటు వైపు చూసేవాడు. లోపలికొచ్చి బూట్లు దులుపుకుని టీ అందుకుంటూ ఒక్క మాట అనేవాడు. "ఏమో, వెళ్తామేమో." అంతే. ఎప్పుడు, ఎన్నాళ్ళు, ఎంతమంది అని ఆమె అడిగేది కాదు. ఆ మాట తాపీగా సాగదీసి అన్నాడంటే ఇంకో వారం ఉందని లెక్క. టీ తాగకుండానే అన్నాడంటే ఆమె లేచి బానక్ రొట్టెలకి పిండి కలిపేది.

ఈ ఏడు మెట్ల మీద ఊలిపీకాయే నిలబడుతోంది. మొగుడి కోటు వేసుకుని, మోకాళ్ళ దాకా దాన్లో మునిగిపోయి, ఆయన చూసినవన్నీ చూస్తుంది. చూసి లోపలికొస్తే చెప్పడానికి మనిషి లేడు. కెటిల్ మాత్రం ఎప్పటిలాగే మరుగుతూ ఉంటుంది.

మే నెల మొదటి వారంలో మరిది మోసెసీ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి ఫోన్ చూసుకుంటూ, "పద్నాలుగో తారీఖు మంగళవారం, పొద్దున తొమ్మిదింటికి ఇకలులిక్ చెరువుకి బయల్దేరుతున్నాం వదినా," అన్నాడు. విమానం వచ్చే వేళ చెప్పినట్టు చెప్పాడు. మంచుని అడిగాడా, గాలిని అడిగాడా? వాళ్ళన్న పోయి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే వీడికి ఆకాశం మీద పెత్తనం వచ్చేసింది. ఊలిపీకాకి ఆ క్షణంలోనే చిరాకెత్తింది. కానీ నోరు మెదపలేదు. నోరు మెదపకపోవడం ఆమెకి చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు.

ఆమె గుడారంలో పుట్టిన మనిషి. రెండు చలికాలాలు బడికి వెళ్ళింది. మూడో చలికాలం తల్లి మంచాన పడితే ఇంట్లో సూది పట్టుకుంది. ఆ సూది ఇప్పటికీ దించలేదు. సీలు తోలు బూట్లు, కారిబూ జింక తోలు కోట్లు, పసిబిడ్డల టోపీలు, ఊళ్ళో సగం మంది ఒంటి మీద ఆమె కుట్టు ఉంటుంది. పంతొమ్మిదేళ్ళు చిన్న ఆసుపత్రిలో గచ్చు తుడిచింది. ఎవరైనా ఆమె గురించి చెప్పాలంటే "ఇనూసిక్ పెళ్ళామా? మంచిది పాపం, మాట్లాడదు," అనేవాళ్ళు.

వసంతంలో మాత్రం ఊరంతా ఆమె కోసం ఎదురుచూసేది. మే నెలలో మొగుడూ పెళ్ళాలు ఇకలులిక్ చెరువుకి వెళ్ళేవాళ్ళు. మంచు మీద నడిచే స్కిడూ మోటారు బండి మీద ఇనూసిక్, దాని వెనక తాడుతో కట్టిన పొడుగాటి చెక్క జారుడుబండి కముటిక్ మీద, సామాన్ల మధ్య ఆమె. ఎదురుగాలి మొహాన కొట్టకుండా వెనక్కి తిరిగి కూర్చునేది. వాళ్ళ వెనకే ఇంకో స్కిడూ మీద మరిది మోసెసీ. ఆరేడు గంటల ప్రయాణం. చెరువు మీద మంచుకి బెజ్జాలు తొలిచి, తోలు పరుచుకుని బోర్లా పడుకుని, చీకట్లో నీళ్ళు కనపడేలా తల మీద గుడ్డ కప్పుకుని, ఎర్రటి కండ ఉన్న చార్ చేపలు పైకి లాగేవాళ్ళు. కముటిక్ నిండగానే ఆపేసి ఇంటికొచ్చేవాళ్ళు. ఆ చేపలు పన్నెండు ఇళ్ళకి వెళ్ళాలి. ముసలమ్మలవి, వేటకెళ్ళే మగవాళ్ళు లేనివి, కాలో చెయ్యో విరిగి పడుకున్నవాళ్ళవి. ఎవరికి తల, ఎవరికి పొట్టకండ, ఎవరికి ఎండబెట్టుకోవడానికి పెద్దవి, ఆ పంపకం ఊలిపీకాది. అందులో ఇనూసిక్ కూడా వేలు పెట్టేవాడు కాదు.

జనవరిలో ఇనూసిక్‌కి ఊపిరి అందకుండా పోయింది. విమానంలో దక్షిణాన ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. పదకొండు రోజుల తర్వాత పెట్టెలో తిరిగొచ్చాడు. మధ్యలో ఒక్కసారి ఫోన్ చేశాడు. పోయేవాడిలా ఏమీ మాట్లాడలేదు. "చేప సంచులు ఉతికి ఉంచు. పోయినేడు వాసన కొట్టాయి," అన్నాడు.

ఏప్రిల్‌లో ఎండ కాస్త గట్టిపడగానే ఆమె ఆ సంచులన్నీ ఉతికి తాడు మీద ఆరేసింది. ఇంతకీ చేపలు అందాల్సిన ఇళ్ళు ఈ ఏడు పదమూడు. పదమూడోది ఆమెదే. మగదిక్కు లేని ఇల్లు.

మోసెసీ చెడ్డవాడు కాదు. అదే వచ్చిన తంటా. అన్న పోయిన దగ్గర్నుంచీ సీలు మాంసం తెచ్చి పడేస్తున్నాడు, విరిగిన మెట్టు బాగుచేశాడు, మంచు తవ్వి దారి చేస్తున్నాడు. అలాంటివాడి మీద కోపం వస్తే ఎక్కడ పెట్టుకోవాలి? చెరువుకి వెళ్దామనగానే, తేదీ చెప్పినందుకు చిరాకు పడినా, లోపల ఆమె ప్రాణం లేచొచ్చింది. ఉలు కత్తి నూరింది. బూట్లకి కొత్త అడుగులు వేసింది.

నాలుగు రోజుల తర్వాత మోసెసీ టీ తాగుతూ అసలు సంగతి నెమ్మదిగా బయటపెట్టాడు. తామిద్దరే కాదట. చేపల వేటకి మనుషుల్ని తిప్పే కంపెనీ ఒకటి దక్షిణం నుంచి నలుగురిని పంపుతోందట. దారి చూపించేది మోసెసీ, వంట చేసేది ఊలిపీకా. సంచుల సంగతి అడిగితే వాడు గ్లాసులోకి చూశాడు. రెండు కముటిక్‌లూ వాళ్ళ సామానుకే సరిపోతాయట. అయినా సంచులతో పని లేదట. ఆ నలుగురూ చేపని పట్టి, ఫొటో తీసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారట.

ఊలిపీకా చేతిలో బూటు ఉంది. నోట్లో దారం ఉంది. దారం పళ్ళతో పుటుక్కున తెంపింది.  ఆ రోజంతా ఒళ్ళు మండుతూనే ఉంది. ఇకలులిక్ నుంచి ఖాళీ కముటిక్‌తో రావడమా? పన్నెండు గుమ్మాల ముందు నుంచి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? చేపలు దొరకని ఏడు ఉంటుంది, తుఫానులో చిక్కుకున్న ఏడు ఉంటుంది, దానికి ఎవరూ ఏమీ అనుకోరు. దొరికిన చేపని, చేతిలోకి వచ్చిన చేపని, నువ్వు నాకక్కర్లేదు పొమ్మని విసిరెయ్యడం ఏ ఇంటి పద్ధతి?

మర్నాడు కంపెనీ మనిషి వచ్చాడు. పేరు రస్. ఎర్ర గడ్డం, ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. మర్యాద తెలిసినవాడే, బూట్లు గుమ్మంలోనే విడిచాడు. ఆమె పెట్టిన బానక్ రెండు ముక్కలు తిని బాగుందన్నాడు. ఊళ్ళో ఆమె వంటింటి బల్లే పెద్దదని ప్రయాణం ఏర్పాట్లన్నీ అక్కడే పెట్టారు. ప్లాస్టిక్ పూత వేసిన మ్యాపు ఒకటి పరిచాడు. దాని పక్కన గళ్ళు గీసిన కాగితం. ఏ రోజు ఎక్కడ దిగాలి, ఏ పూట ఏం తినాలి అన్నీ అందులో ఉన్నాయి. చివరి గడిలో మనిషికి రోజుకి ఇరవై చేపలని వేశాడు. మోసెసీ తల ఊపుతూ, "ఇరవై ఏంటి, ముప్పై అయినా పడతాయి," అన్నాడు.

ఊలిపీకాకి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఇంట్లో వెచ్చగా కూర్చుని, రొట్టె నములుతూ, ఇంకా నీళ్ళలో తిరుగుతున్న చేపల్ని లెక్కపెట్టడమా? వాటికి తెలియదా? వస్తానన్నాయా అవి నీతో? కముటిక్ నిండా చేపలేసుకుని ఊళ్ళోకి వస్తూ కూడా ఇనూసిక్ ఏమైనా దొరికాయా అని అడిగితే "ఏవో రెండు మూడు" అనేవాడు. అలాంటి మనిషికి తమ్ముడై పుట్టి వీడు ముప్పై అంటున్నాడు.

ఇక ఉండబట్టలేక ఆమె తమ భాషలో మాట్లాడింది. కెటిల్ పెడితే మరిగేంతసేపు మాట్లాడింది. చేపల్ని ముందే లెక్కపెట్టకూడదని, తేదీ మనం పెట్టేది కాదని, ఆడుకోవడానికి ప్రాణమున్నదాన్ని పట్టకూడదని, పన్నెండు ఇళ్ళ సంగతి, సంచుల సంగతి, అంతా చెప్పింది. రస్ చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడు. ఏమంటోంది అన్నట్టు మోసెసీ వైపు తిరిగాడు. మోసెసీ ఇంగ్లీషులో, వాతావరణం ఎలా ఉంటుందో చూసుకోవాలంటోంది, అని చెప్పాడు.

రస్ కాగితం మీద 'వాతావరణం' అని రాసుకుని ఆమెకి థాంక్స్ చెప్పాడు.

పంతొమ్మిదేళ్ళు ఆసుపత్రి గచ్చు తుడిచిన మనిషికి ఆ మాత్రం ఇంగ్లీషు రాదా? ఆమె మోసెసీ మొహంలోకి చూసింది. వాడు కిటికీలోకి చూశాడు. ఆమె కోటు తగిలించుకుని, వాళ్ళిద్దర్నీ తన వంటింట్లోనే వదిలేసి బయటికి వెళ్ళిపోయింది.

నేరుగా కౌనాక్ అవ్వ ఇంటికి వెళ్ళింది. పన్నెండు ఇళ్ళలోనూ మొదటి ఇల్లు అది. కౌనాక్‌కి ఎనభై ఎనిమిదేళ్ళు, కళ్ళు సరిగా కనపడవు, పళ్ళు ఒక్కటీ లేవు. ఇకలులిక్ మొదటి చేప తల ఆమెకి వెళ్ళాలి. ఆ తల ఉడికించి, బుగ్గల కండ పీల్చి, కళ్ళు రెండూ చప్పరించి, ఎముకలు ఒక్కొక్కటే పళ్ళెం అంచున పేర్చి, అప్పుడు ఇంక వసంతం వచ్చిందనేది.

అడుగుల చప్పుడు బట్టే కౌనాక్ పోల్చుకుంది. "రావే. సంచులు ఉతికావటగా, మా మనవరాలు చెప్పింది. నా తల ఎప్పుడు తెస్తావు?"

ఊలిపీకా కూర్చుని అంతా చెప్పింది. పట్టి వదిలేస్తారన్న దగ్గర కౌనాక్ ముందు పకపకా నవ్వింది, ఎగతాళి చేస్తున్నావా అంది. కాదని తెలిశాక నవ్వు ఆగిపోయింది. బోసినోరు ఆడించింది.

"పిల్లా, నీ పెదవికి గాలం తగిలించి ఎవడో మంచులోకి ఈడ్చాడనుకో. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఫొటో తీసి, సరేలే ఇంటికి పో అన్నాడనుకో. మళ్ళీ వాడి గుమ్మం తొక్కుతావా నువ్వు?"

"తొక్కను."

"మరి చేపెందుకు వస్తుందే? మనం తింటామని వస్తుంది. మర్యాదగా పంచుకుంటామని వస్తుంది. దాంతో బంతాట ఆడితే ఆ చెరువు మొహం చూస్తుందా?" కౌనాక్ దగ్గి, ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది. "మోసెసీకి చెప్పావా ఈ మాట?"

"చెప్పాను. వాడు వాళ్ళకి చెప్పలేదు."

"మళ్ళీ చెప్పు."

"వాడి మొహం చూస్తే నోరు రావట్లేదు అవ్వా. నాలుగు నెలలుగా నా ఇల్లు చూస్తున్నాడు."

"నీకు నోరెందుకుందే? దారం తెంపుకోవడానికా?" అంది కౌనాక్.  ఊలిపీకా లేచి వెళ్ళేటప్పుడు, తల నాదే, ఎవడికీ ఇవ్వకు, అని వెనకనుంచి గుర్తుచేసింది.

మర్నాడు పొద్దున బల్ల మీద మళ్ళీ మ్యాపు పరుచుకుంది. ఈసారి దారి గీస్తున్నారు. రస్ దగ్గర దారి చూపించే చిన్న యంత్రం ఉంది. ఊరి నుంచి చెరువు దాకా అది తిన్నగా ఒక గీత గీసింది. రస్ దాన్ని మ్యాపు మీద ఎర్ర పెన్సిల్‌తో దిద్దాడు. గంటన్నర కలిసొస్తుందన్నాడు. మోసెసీ వంగి చూసి, బాగానే ఉందన్నాడు.

ఊలిపీకా గిన్నెలు తోముతోంది. చేతులు తుడుచుకుని వచ్చి చూసింది.  ఆ ఎర్ర గీత నది సముద్రంలో కలిసే చోటు మీదుగా పోతోంది.

"ఇటు కాదు," అంది.

మోసెసీకి కంపెనీ మనిషి ముందు వదిన అడ్డం పడటం నచ్చలేదు. నవ్వుతూనే చురక అంటించాడు. "నువ్వెప్పుడూ వెనక్కి తిరిగి కూర్చున్నదానివేగా వదినా. నీకు తెలిసిందల్లా ఇంటికి తిరిగొచ్చే దారే. పోయే దారి మాకొదిలెయ్యి."

నిన్నటి నుంచీ లోపల ఉడుకుతున్నదంతా అప్పుడు పైకి వచ్చింది. ఆమె గొంతు పెంచలేదు. మ్యాపు రెండంచులూ పట్టుకుని, గ్లాసులు జరిపి, తలకిందులుగా తిప్పేసింది. రస్ తన టీ తీసి పట్టుకున్నాడు.

"అవును, వెనక్కే కూర్చున్నాను. ముప్పై నాలుగేళ్ళు. విను. ఊళ్ళో తెల్ల చమురు ట్యాంకులు నల్లకొండ భుజం వెనక్కి పోయేదాకా తిన్నగా రావాలి. అవి కనపడకుండా పోగానే తిరగాలి. నా ఎడమకి, నీ కుడికి. అక్కణ్ణుంచి రెండు దీవులూ కలిసిపోయి ఒకటే దీవిలా కనిపిస్తూ ఉండాలి. వాటి మధ్య సందు కనిపించిందంటే నువ్వు నది వచ్చి కలిసే చోట ఉన్నట్టు. అక్కడ కింద నీళ్ళు ఆగవు. పైన మంచు అన్ని చోట్లలాగే తెల్లగా ఉంటుంది. మనిషి బరువు మోస్తుంది. బండి బరువు మొయ్యదు."

"అన్న వెనకాలే ముప్పై ఏళ్ళు వచ్చాను. నాకా చెబుతున్నావు?"

"వచ్చావు. ఏం చూశావు? ట్యాంకులు చూశావా? దీవులు చూశావా? చెప్పు, చెరువు ఇంకో గంటలో వస్తుందనగా పక్కన ఏముంటుంది?"

మోసెసీ మ్యాపు మీదికి వంగి వెతికాడు.  వాడికి నిజంగానే గుర్తు రావడం లేదు. చూసి ఉంటే కదా. ముప్పై ఏళ్ళూ వాడి కళ్ళ ముందు ఉన్నది అన్న కముటిక్ వెనకభాగం, దాని మీద తనవైపు తిరిగి కూర్చున్న వదిన.

"నిన్నే చూశాను," అన్నాడు చివరికి.

"మరి నేను చెయ్యి ఎత్తినప్పుడల్లా ఎందుకు ఎత్తుతున్నాననుకున్నావు?"

ఊలిపీకా చేతితొడుగుల మీద ఎర్ర గుడ్డ కుట్టి ఉంటుంది. పెళ్ళైన కొత్తలోనే ఇనూసిక్ కుట్టించాడు. తను ముందుకి చూడాలి, వెనక తమ్ముడేం చేస్తున్నాడో చూడలేడు. కుర్రతనంలో మోసెసీ జాడ వదిలి ఇటూ అటూ పోయేవాడు. వాడు పక్కకి పోతే ఊలిపీకా ఎర్ర చెయ్యి అటో ఇటో చాపేది. మంచు పలచగా ఉన్న చోట రెండు చేతులూ ఎత్తేది. తమ్ముణ్ణి నీకు అప్పగించానని మొగుడు ఒక్కసారే అన్నాడు. ఆమె ముప్పై నాలుగేళ్ళు ఆ పని చేసింది.

మోసెసీ తల గోక్కున్నాడు. "చేతులు కొంకర్లు పోకుండా ఆడిస్తున్నావనుకున్నాను."

"ముప్పై ఏళ్ళా?"

"ఒకసారి నువ్వు కముటిక్ మీద లేచి నిలబడ్డావు. నేను నక్క జాడ పట్టుకుని ఎటో పోతున్నాను. రెండు చేతులూ ఊపావు."

"ఊపాను."

"టీకి పిలుస్తున్నావనుకుని వచ్చేశాను."

"ఇచ్చానుగా టీ."

అక్కడితో మోసెసీ నవ్వలేకపోయాడు. మ్యాపు మీద ఎర్ర గీతని, అది నది దాటే చోటుని, వేలితో తడిమాడు. ఆ నక్క జాడ అటే పోయింది. వాడికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు.

రస్‌కి మాటలు అర్థం కాలేదు గానీ గదిలో ఏదో తిరగబడిందని అర్థమైంది. ఏం జరిగిందని అడిగాడు.  మోసెసీ పెన్సిల్ తీసుకుని ఎర్ర గీతని కొట్టేశాడు. ఆ తర్వాత, ఆమెకి తప్ప ఎవరికీ దారి తెలియదు, నాక్కూడా, అన్నాడు ఇంగ్లీషులో. ఆ మాట వాడి నోటి నుంచి వచ్చాక ఊలిపీకా వాడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ బల్ల దగ్గర మగవాళ్ళ మాటల మధ్య ఆమె కూర్చోవడం అదే మొదలు.

"ఇప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు వాడికి. ఒక్క మాట మింగినా నాకు తెలుస్తుంది. దారి నేను చూపిస్తాను. వంట చేస్తాను. తడిసిన బూట్లు ఆరబెడతాను. కానీ ఆ చెరువులోంచి పైకి వచ్చిన చేప మళ్ళీ కిందికి పోదు. పట్టినవాళ్ళు దాన్ని చంపాలి, నేను కోస్తాను, నా సంచుల్లోకి వెళ్తుంది. సంచులు నిండితే గాలాలు లోపల పెట్టాలి. ఇంకో చేప కూడా వద్దు. అది ఇష్టం లేనివాళ్ళు ఆ తిన్నని గీత పట్టుకుని పోవచ్చు."

మోసెసీ ఈసారి అన్నీ చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. ఒక చోట ఆగి, ఆ సంచులు మా అన్న ఉతకమన్నాడు అని ఆమె చెప్పని మాట కూడా ఒకటి కలిపాడు. వాడికి ఆ సంగతి ఎప్పుడు చెప్పిందో ఆమెకి గుర్తులేదు.

రస్ గడ్డం నిమురుకున్నాడు. తప్పుగా ఏమీ మాట్లాడలేదు. చేపలు తరిగిపోకూడదనే వదిలేస్తామని, పెద్దవన్నీ చంపితే పదేళ్ళలో చెరువు ఖాళీ అవుతుందని, దక్షిణాన అలా ఖాళీ అయిన చెరువులు తను చాలా చూశానని నెమ్మదిగా చెప్పాడు. అతని గొంతులో నిజంగానే బాధ ఉంది. అందుకే ఊలిపీకాకి ఇంకా మండింది.

"మా అవ్వ తినింది, మా అమ్మ తినింది, నేను తిన్నాను. తరగలేదు. కముటిక్ నిండగానే ఆపేశాం గనక తరగలేదు. మీకు ఆపడం చేతకాక వదలడం నేర్చుకున్నారు. ఆ నేర్పు మా చెరువుకి వద్దు."

మోసెసీ ఆ మాటా చెప్పాక రస్ గళ్ళ కాగితం మడిచాడు. వచ్చేవాళ్ళని అడిగి చెబుతానని మ్యాపు చుట్టుకుని వెళ్ళాడు. ఆ మ్యాపు ఇంకా తలకిందులుగానే ఉంది.

రెండు రోజులకి సమాధానం వచ్చింది. నలుగురిలో ఇద్దరు రామన్నారు. ఒకతను చేప నెత్తురు చూడలేనని రాశాడట. చేపల వేటకి వచ్చేవాడు చేప నెత్తురు చూడలేడట! ఆ మాట విని కౌనాక్ దగ్గు వచ్చేదాకా నవ్విందని మనవరాలు వచ్చి చెప్పింది. మిగిలిన ఇద్దరూ, వాళ్ళతో రస్సూ వస్తారు. తింటారు. సంచులు నింపడానికి సాయం చేస్తారు. చేపల లెక్క వేసిన గడి కొట్టేశారు. తేదీ మాత్రం పద్నాలుగే ఉంది.

పదమూడో తారీఖు పొద్దున ఊలిపీకా మెట్ల మీద నిలబడి చూసింది. ఇళ్ళ మీద పొగ తిన్నగా పైకి పోతోంది. కొండల మీద కత్తితో కోసినట్టు వెలుతురు. లోపలికొచ్చేసరికి మోసెసీ టీ పోసుకుని కూర్చుని ఉన్నాడు. ఫోన్ జేబులోనే ఉంది.

"ఎలా ఉంది వదినా?"

ఆమె బూట్లు దులుపుకుంది. "ఏమో, వెళ్తామేమో," అని, టీ తాగకుండానే పిండి డబ్బా దించింది.

వాడు వెళ్ళబోతూ బల్ల మీద ఒక పెట్టె పెట్టాడు. కంపెనీ పంపిన గాలాలు, కొత్తవి, వెండిలా మెరుస్తున్నాయి, నలభై దాకా ఉంటాయి. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఒక చిన్న ముల్లు ఉంటుంది. నోట్లో దిగిన గాలం జారిపోకుండా పట్టి ఉంచేది అదే. వదిలే చేపకి గాయం కాకుండా ఆ ముల్లుని ముందే పట్టుకారుతో నొక్కెయ్యాలని కంపెనీ నియమం. వచ్చేవాళ్ళు ఒప్పుకున్నా కంపెనీ కాగితం మారలేదట. సాయంత్రానికల్లా అన్నీ నొక్కిపెట్టమని రస్ అడిగాడట.

"నీ చెయ్యి సన్నటి పనికి అలవాటుపడిందని నిన్ను అడగమన్నాడు," అని మోసెసీ నేల చూపులు చూస్తూ చెప్పాడు. గోడకున్న మేకు మీంచి అన్న పట్టుకారు తీసి పెట్టె పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

ఊలిపీకా ఆ రోజు చెయ్యని పని లేదు. అయిదు రోజులకి సరిపడా బానక్ చేసింది. మోసెసీ బూటు మడమ దగ్గర ఊడిన కుట్టు వేసింది. ఆ పూటే విమానం దిగిన ఇద్దరి చేతితొడుగులు చూసి, ఇవేం తొడుగులని విసుక్కుని, లోపల ఉన్ని గుడ్డ పెట్టి కుట్టింది. తోళ్ళు దులిపింది. ఉలు కత్తిని గుడ్డలో చుట్టింది. తన ఎర్ర చేతితొడుగుల్లో ఒక దాని గుడ్డ చివికిపోతే కొత్త ముక్క వేసింది. సంచులు మడతపెట్టి, అన్నిటికంటే ముందు, కముటిక్ మీద తను కూర్చునే చోట కట్టించింది. ఉతికిన సబ్బు వాసన ఇంకా పోలేదు.

సాయంత్రం, ఎండ ఇంకా బాగా ఉండగా, మోసెసీ వచ్చాడు. బల్ల మీద పెట్టె పొద్దున తను పెట్టిన చోటే ఉంది. మూత తెరిచి చూశాడు. ఒక గాలం తీసి వేలికొనతో తడిమాడు. ముల్లు వాడిగా గుచ్చుకుంది.

"ఇవి చెయ్యలేదా వదినా?"

"లేదు."

"రస్ అడుగుతాడు."

"అడగనీ."

 మోసెసీ కిటికీ బయట కముటిక్ మీద కట్టిన సంచుల వైపు చూశాడు. సంచులు సరిపోతాయా, ఇంకో రెండు తేనా అని అడిగాడు. లెక్కపెట్టకురా అంది ఆమె. వాడు గాలాన్ని పెట్టెలో వేసి, మూత నొక్కి, చంకలో పెట్టుకుని వెళ్ళాడు. ఊలిపీకా పట్టుకారు తీసుకెళ్ళి మొగుడి మేకుకే తగిలించింది.